ఆత్మవిమర్శ ఎక్కడ మొదలవుతుంది?

మా చెల్లెలి మనవరాలు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్నది. మొన్న సెలవులకు చక్రాయపేట వచ్చినప్పుడు ఒక కాగితం నా ముందు పెట్టి, "తాతా, ఇంటర్వ్యూలో ఇది తప్పకుండా అడుగుతారంట. ఏం చెప్పాల?" అన్నది. ప్రశ్న చిన్నదే: నీ బలాలేమిటి, బలహీనతలేమిటి? దాని కింద, శిక్షణ ఇచ్చే ఆసామి ఎవరో రాయించిన జవాబు కూడా ఉన్నది. బలాలు: క్రమశిక్షణ, పట్టుదల, నలుగురితో కలిసి పనిచేయడం. బలహీనత: పనిలో పడితే తిండీ నిద్రా మరిచిపోవడం.

ఆ చివరి మాట చదివి నాకు నవ్వొచ్చింది. ఎద్దును సంతకు తోలుకొచ్చినవాడు, "దీనికి ఒకే ఒక్క లోపముంది, కాడి దించినా నిలబడదు" అని చెప్పినట్టుంది. వినడానికి లోపం, కొనేవాడికి లాభం. మనిషి తన శ్రమను అమ్ముకోక తప్పని సమాజంలో ఆత్మపరిశీలన కూడా చివరికి బేరంలో ఒక మాటగా మారిపోతుంది. ఈ ధోరణిలో ఆ పిల్లకు ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. అంతా విని అది, "సరేలే. మరి నీదేంది? నీ బలహీనతేందో చెప్పు" అన్నది.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. అంతకంటే ఎక్కువకాలం సంఘాల్లో, సభల్లో తిరిగినవాణ్ణి. ఆత్మవిమర్శ అనే మాటను ఎన్ని వేదికలమీద వాడానో లెక్కలేదు. అయినా జవాబు వెంటనే తోచలేదు. కాసేపటికి, "నాకు మొహమాటం ఎక్కువ" అన్నాను. అన్న మరుక్షణమే తెలిసింది, అదీ సంతలో ఎద్దును గురించి చెప్పిన మాటలాంటిదేనని. మొహమాటం ఎక్కువంటే మంచివాణ్ణని అర్థం. పిల్లను చూసి నవ్విన నేను పిల్ల రాసుకొచ్చిన జవాబే చెప్పాను. తేడా ఒక్కటే. దానికి ఎవరో నేర్పారు, నాకు ఎవరూ నేర్పనవసరం లేకపోయింది.

ఆ రాత్రి మొదలైన ఆలోచన ఈ వ్యాసం.

బలం, బలహీనత అనే మాటలను మనం సాధారణంగా అర్థం చేసుకునే తీరులోనే రెండు పొరపాట్లున్నాయని నాకు తోస్తున్నది. మొదటిది, అవి మనిషి లోపల జేబులో గవ్వల్లాగా విడివిడిగా ఉంటాయనీ, తెల్లవి ఒకవైపు నల్లవి ఒకవైపు ఏరిపెట్టవచ్చుననీ అనుకోవడం. రెండవది, ఎవరి జేబులో ఏమున్నదో వాళ్లకే బాగా తెలుస్తుందనుకోవడం. ఒంటరిగా కూర్చుని కళ్లు మూసుకుంటే మనల్ని మనం తెలుసుకోవచ్చుననే నమ్మకం ఈ రెంటినుంచీ పుట్టిందే. ఇది వేదాంతుల నమ్మకం. భౌతికవాదులమని చెప్పుకునే మనం కూడా, ఇతరుల విషయంలో కాకపోయినా సొంత విషయంలో, దీన్ని వదులుకోలేకపోతున్నాము.

నా మాటకు రుజువుగా మా ప్రాంతపు చరిత్రనుంచే ఒక ఉదాహరణ ఇస్తాను.

చక్రాయపేట పేరు వినగానే బయటివాళ్లకు తోచేది పాపఘ్ని కొండల్ని చీల్చుకుని పారే గండి, అక్కడి ఆంజనేయుడి గుడి. అయితే తెలుగు సాంస్కృతిక చరిత్రలో ఈ మండలానికున్న స్థానం గండి వల్ల వచ్చింది కాదు, సురభి వల్ల వచ్చింది. మండలంలోని సురభి రెడ్డివారిపల్లెలో 1885లో వనారస గోవిందరావు 'కీచకవధ' నాటకం ఆడించాడు. ఆ ప్రదర్శనే సురభి నాటక సమాజాలన్నిటికీ మొదలు. గోవిందరావు కుటుంబం మహారాష్ట్ర ప్రాంతంనుంచి వలసవచ్చి, ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడుకుంటూ, ఊరూరా తెలుగులో తోలుబొమ్మలాట ఆడుతూ బతికిన జనానికి చెందినది.

ఈ జనాన్ని ఆ రోజున ఎవరైనా కూర్చోబెట్టి, మీ బలాలేమిటి, బలహీనతలేమిటి అని అడిగితే ఏం చెప్పి ఉండేవారు? భూమి లేదు. స్థిరమైన ఊరు లేదు. బడి చదువు లేదు. భార్యాబిడ్డల్నీ ముసలివాళ్లనీ వెంటబెట్టుకుని బండిమీద తిరగక తప్పదు. ఆడవాళ్లు కూడా నలుగురి ఎదుట పాడక తప్పదు. దాన్ని ఆనాటి గౌరవనీయులు చిన్నచూపు చూడక మానరు. లెక్క రాసుకుంటే అన్నీ బలహీనతల పద్దులోనే పడతాయి.

తెరవెనుక నిలబడి బొమ్మకు గొంతు ఇచ్చే మనిషి తెర ముందుకు వచ్చిననాడు ఆ లెక్క తలకిందులైంది. రామాయణ భారత కథలు తరతరాలుగా నోటికి వచ్చు. రాత్రంతా పాడగల గొంతులున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, స్త్రీ పాత్రకు స్త్రీయే ఉన్నది. తెలుగు రంగస్థలం మీద స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించిన కాలమది. ఆ సంప్రదాయం ఎంత బలమైనదంటే, తరువాతి తరంలో సత్యభామగా ప్రసిద్ధుడైన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి కాలంలో సురభి స్త్రీలు వేదిక ఎక్కారు. ఇల్లాలినీ బిడ్డల్నీ వెంటబెట్టుకు తిరగవలసిన దరిద్రమే ఇంటిల్లిపాదీ నటులయ్యే సమాజానికి పునాది అయింది. వేషం వేసినవాడే తెర లాగుతాడు, హార్మోనియం వాయిస్తాడు, వడ్రంగం చేస్తాడు. నిన్నటి బలహీనత కొత్త పనిలో బలమైంది. ఆ జనం స్వభావం రాత్రికి రాత్రి మారలేదు. వాళ్లు చేసే పని మారింది.

కథ అక్కడితో ఆగితే ఇది పట్టుదల గురించి చెప్పే నీతికథ అవుతుంది. అది ఆగలేదు. 1930ల ఆరంభంలో టాకీ వచ్చింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన కమలాబాయి సురభి కుటుంబపు బిడ్డే. నాటకాన్ని దెబ్బతీసిన సినిమా తన తొలి నటిని నాటకంనుంచే తీసుకున్నది! ఆ తరువాత, ఒకప్పుడు బలమైన పౌరాణిక కథల బరువూ, కుటుంబమే సంస్థ కావడమూ క్రమంగా సంకెళ్లయ్యాయి. ఎన్నో సమాజాలు మూతపడి, ఇరవయ్యో శతాబ్దం చివరికి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి. మిగిలినవి ఎలా మిగిలాయి? ఒకటి, సినిమా చేయలేని పనిని పట్టుకుని. తెరమీద బొమ్మ ఎగిరితే ఆశ్చర్యం లేదు, కళ్లముందు ప్రాణమున్న మనిషి ఎగిరితే ఇప్పటికీ పిల్లలు నోరు తెరుస్తారు. రెండు, బయటివాళ్లనుంచి నేర్చుకుని. 1990లలో బి.వి.కారంత్ వచ్చి సురభి నటులతో పనిచేశాడు. బ్రెహ్ట్ నాటకం కూడా వాళ్ల చేత తెలుగులో ఆడించాడు. పౌరాణికాలే తమ బలమనుకున్నవాళ్లు బ్రెహ్ట్‌ను ఆడగలరని, ఆడేదాకా ఎవరికి తెలుసు?

దీనినుంచి నేను గ్రహించేది ఇది. ఒక గుణం బలమా బలహీనతా అన్నది ఆ గుణంలో ఉండదు. ఏ పనిలో, ఏ పరిస్థితుల్లో, ఎవరి మధ్య అన్నదాన్నిబట్టి ఉంటుంది. పరిస్థితి మారినప్పుడు బలం బలహీనతగానూ, బలహీనత బలంగానూ మారుతుంది. ఈ మార్పును మనకు తెలియజేసేది ధ్యానం కాదు, పని. ఆ పనిని ఎదుటినుంచి చూసే మనుషులు.

ఇక నా సంగతి.

నా బలం నా గొంతు. చిన్నప్పుడు బడి నాటకంలో పద్యం మరిచిపోయి, ఆగకుండా నోటికొచ్చిన వచనం దంచితే చప్పట్లు మోగాయి. నా తరువాత మాట్లాడవలసిన పిల్లవాడు, తన వంతు ఎక్కడ వస్తుందో తెలియక నోరు తెరవకుండానే లోపలికి పోయాడు. వారం రోజులు కష్టపడి పాఠం నేర్చుకున్నవాడు వాడు. ఆ చప్పట్లు నాకు జీవితమంతా గుర్తున్నాయి. ఆ పిల్లవాడి ముఖం గుర్తొచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా.

2011లో మన రాష్ట్రంలో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. దాని తరువాత కొద్ది సంవత్సరాలకు మా ప్రాంతంలో ఒక కరువేడు. చెనిక్కాయ పంట ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఇన్‌పుట్ సబ్సిడీ కోసం అర్జీ పెట్టాలని నలభై మందిమి కూడాము. అర్జీ రాసే బాధ్యత సహజంగానే నాకు అప్పగించారు. రాసి, చదివి వినిపించాను. రాయలసీమ కరువు చరిత్రనుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా అందులో లేనిది లేదు. అందరూ బాగుందన్నారు. వెనుకవరసలోనుంచి ఉపాధి పనుల్లో మేటుగా ఉన్న ఒకామె లేచి, "సార్, గుత్తకు చేసేటోళ్ల పేర్లు యాడ రాసినారు?" అని అడిగింది. ఆమె చేతిలో ఒక నోటుబుక్కు ఉన్నది. "మొదట మూలసమస్య తేలనియ్యమ్మా, వివరాలు తర్వాత చూసుకుందాం" అన్నాను. అన్న తీరుకు నలుగురు నవ్వారు కూడా. ఆమె కూర్చున్నది.

సబ్సిడీ వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకాలున్నవాళ్లకు వచ్చింది. గుత్తకు తీసుకుని, విత్తనానికీ ఎరువుకూ అప్పుచేసి, నిజంగా నష్టపోయిన పదకొండు కుటుంబాలకు రాలేదు. వారిలో రెండు కుటుంబాలు బెంగుళూరికి కూలికి పోయాయి. ఒక ఇల్లాలు బిడ్డల్ని తల్లి దగ్గర వదిలి కువైట్ విమానమెక్కింది. పేర్లు రాసి ఉంటే తప్పకుండా వచ్చేదని నేను చెప్పలేను. దున్నేవాణ్ణి వదిలి పట్టా ఉన్నవాణ్ణి చూసే పద్ధతి నేను పుట్టించింది కాదు. కాని ఆ పద్ధతిని ప్రశ్నించడానికి పెట్టిన అర్జీలోనే ఆ పదకొండు పేర్లు లేకుండా చేసినవాణ్ణి నేను.

కొన్ని నెలల తరువాత ఆమె ఇంటికి పోయి, తప్పు నాదేనన్నాను. ఆమె కోపగించుకోలేదు, ఓదార్చనూ లేదు. "ఆ పొద్దు మీరు చదివింది బాగనే ఉండె సార్. నేను అడిగింది మాత్రం మీకు ఇనపళ్లేదు" అన్నది.

నన్ను గురించి నాకు తెలియని సంగతి అదే. నాకు వినపడదు. చెవులు బాగానే ఉన్నాయి, నా గొంతు మోగుతున్నంతసేపు ఇంకొకరి గొంతు వినపడదు. మళ్లీ చూడండి, ఇది నా బలానికి పక్కన ఉన్న వేరే బలహీనత కాదు, ఆ బలానిదే రెండవ ముఖం. జనం భయపడి నోరెత్తని సభలో ఆ గొంతు అవసరమే. అర్జీ రాసేచోట అదే గొంతు పదకొండు పేర్లను మింగింది.

ఇది నాకు అంతకాలం ఎందుకు తెలియలేదు? అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రూగర్, డన్నింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. విద్యార్థులకు వ్యాకరణం, తర్కం వంటి వాటిలో పరీక్షలు పెట్టి, మీరు ఏ స్థాయిలో ఉంటారనుకుంటున్నారని అడిగారు. అట్టడుగు నాలుగోవంతులో ఉన్నవాళ్లు సగటున నూటికి 12మందిని మాత్రమే మించగలిగారు, కాని 62మందిని మించామనుకున్నారు. బాగా రాసినవాళ్లు తమను కొంత తక్కువగా వేసుకున్నారు. ఈ లెక్కలకు అర్థం చెప్పడంలో తరువాత వివాదాలు నడిచాయి. కాని ఉపాధ్యాయులమైన మనం గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. తర్కంలో కొద్దిపాటి శిక్షణ ఇచ్చాక, అడుగున ఉన్నవాళ్లు తమ స్థాయిని మునుపటికంటే సరిగా అంచనా వేసుకోగలిగారు. అంటే లోపాన్ని చూడగలిగే కన్ను, ఆ లోపాన్ని దిద్దుకునే పనిలోనే తెరుచుకుంటుంది. "నీకేమీ రాదు" అని తిడితే తెరుచుకోదు.

నా విషయంలో శిక్షణ ఇచ్చేవాళ్లు లేకపోలేదు. వెనుకవరసలో ఉన్నారు. ముందువరసలోని చప్పట్లే నాకు వినిపించాయి. ఉపాధ్యాయుడి వృత్తిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ముప్పై ఏళ్లపాటు మనకంటే చిన్నవాళ్ల ఎదుట, ఎదురు చెప్పలేనివాళ్ల ఎదుట మాట్లాడతాము. వాళ్ల మౌనాన్ని అంగీకారమనుకుంటాము.

అభ్యుదయవాదులకు ఆత్మవిమర్శ కొత్తమాట కాదు. ఒక పార్టీ తన పొరపాట్లపట్ల ఎలా ప్రవర్తిస్తుందన్నదే దాని చిత్తశుద్ధికి గీటురాయి అనే అర్థం వచ్చేట్టు లెనిన్ 1920లో రాశాడు. పొరపాటును ఒప్పుకోవడంతో సరిపెట్టలేదాయన. దాని కారణాలు వెదకడం, అది పుట్టిన పరిస్థితులను విశ్లేషించడం, దిద్దుకునే మార్గం చర్చించడం కూడా అందులో భాగమన్నాడు. ఆ మాట చెప్పిన దేశంలోనే 1936-38 మధ్య మాస్కో విచారణలు జరిగాయి. చేయని నేరాలను చేశామని బోనులో నిలబడి ఒప్పుకున్నవాళ్లను కాల్చి చంపారు. వారిలో ఒకడైన బుఖారిన్ నిర్దోషి అని సోవియట్ ప్రభుత్వం ప్రకటించడానికి 1988దాకా పట్టింది. ఇది మన చరిత్రలోని భాగమే, దాచిపెట్టవలసినది కాదు. ఆత్మవిమర్శను అధికారం బలవంతంగా చేయించినప్పుడు అది మనిషిని పరాభవించే సాధనమవుతుంది, సత్యాన్ని వెదికే సాధనం కాదు.

దీనికి ఎదురుగా ఉన్న తప్పు మనది. మన సభల్లో ఆత్మవిమర్శ ఒక ఆచారమైపోయింది. "మాలో కొన్ని లోపాలున్నాయి, అధిగమిస్తాం" అంటాము. ఏ లోపం, ఎవరిది, దానివల్ల ఎవరు నష్టపోయారు అని ఎవరూ అడగరు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిన తరువాత ప్రతి పక్షానికీ అవతలి పక్షపు బలహీనతలు కంఠస్థమయ్యాయి. సాహిత్యంలోనూ అంతే. పులివెందుల ప్రాంతంలోని పైడిపాళెంలో 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, 1968లో 'సంవేదన' పత్రిక పెట్టి, ఎంత పెద్ద పేరున్న రచయిత పుస్తకాన్నయినా పేరు చూడకుండా వాక్యం చూసి తూచడం నేర్పాడు. ఆ తూనికను మనం ఇతరుల పుస్తకాలమీద వాడుకున్నాము. మన అర్జీలమీద, మన ఉపన్యాసాలమీద వాడుకోలేదు.

నేను ఆమె ఇంటినుంచి వచ్చాక కమిటీలో ఒక పద్ధతి పెట్టమని అడిగాను. లెక్క తెలిసినవాళ్లు మొదట మాట్లాడాలి, నేను చివర మాట్లాడాలి. అర్జీలో ఎవరి కష్టం ఉన్నదో వాళ్లు విని సరేనంటేనే సంతకాలు. ఇప్పటికీ నేను ఆ నియమాన్ని అప్పుడప్పుడు మీరుతుంటాను. అలా మీరినప్పుడు ఆమె నోటుబుక్కుతో బల్లమీద చిన్నగా కొడుతుంది. నా గుణం మారిందని నేను చెప్పను. నా చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది. మనిషి మారడమంటే చాలావరకు అదేనేమో.

ఈ కథంతా మా మనవరాలికి చెప్పాను. తన కాగితం వెనుకవైపు అది అసలు జవాబు కూడా రాసి ఉంచుకున్నది, అప్పుడు చూపించింది. బలహీనతలు: ఇంగ్లీషు సరిగా రాదు, నలుగురిలో మాట్లాడలేను. బలాల దగ్గర ఖాళీ. "ఇంగ్లీషు రాకపోవడం నీ స్వభావంలోని లోపం కాదు. నీకు అందవలసింది అందలేదు. అయినా నేర్చుకోవలసింది నువ్వే" అన్నాను. కారణం సమాజంలో ఉన్నంత మాత్రాన కర్తవ్యం మనమీదినుంచి తొలగిపోదు. కారణం మరిచి కర్తవ్యం ఒక్కటే చెప్పేవాడు పిల్లల్ని కుంగదీస్తాడు. కర్తవ్యం మరిచి కారణం ఒక్కటే చెప్పేవాడు వాళ్లను సోమరుల్ని చేస్తాడు. మిగతాది నన్ను అడగవద్దనీ, తనతోపాటు గదిలో ఉండే పిల్లల్ని అడగమనీ చెప్పాను.

ఫోనులో అడిగింది. వాళ్లు చెప్పింది ఇది: "నువ్వు చెప్తే లెక్కలు అర్థమవుతాయి. నీవల్లనే మేము ముగ్గురం పాసైనాము. కానీ నీకు రానిది రాదని చెప్పవు. రాత్రంతా ఒక్కదానివే కూచుని ఏడుస్తావు." మొదటి మాటకు ఆశ్చర్యపోయింది. రెండవ మాటకు మొహం ముడుచుకుని ఆ పూట అన్నం సరిగా తినలేదు. మరునాడు పొద్దున కొత్త కాగితం తీసుకుని, తనకు వచ్చింది ఇతరులకు అర్థమయ్యేట్టు చెప్పగలననీ, తనకు రానిది ఇతరులను అడగలేననీ, ఇప్పుడిప్పుడే అడగడం నేర్చుకుంటున్నాననీ తెలుగులో రాసింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి స్నేహితురాలికి ఫోను చేసింది. నా లెక్కలో అదే మొదటి అడగడం.

ఈ జవాబు విని ఉద్యోగమిచ్చేవాళ్లు ఏమంటారో నాకు తెలియదు. సంతలో నిజం చెప్పినవాడి ఎద్దుకు తక్కువ ధర పలకవచ్చు. కాని ఆ పిల్ల బతకవలసింది ఇంటర్వ్యూ జరిగే అరగంట మాత్రమే కాదు.

ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నేను చేసే సూచన ఒక్కటే. ఈసారి మీ సభ ముగిసేముందు, ఎప్పుడూ మాట్లాడనివాళ్లను పేరుపెట్టి పిలిచి, ఈ పనిలో నావల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో చెప్పమని అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో అనుభవించి చెబుతున్నాను. ఆత్మవిమర్శ అక్కడ మొదలవుతుంది.